99 డాలర్లకే... నమ్మొచ్చా?

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ కరపత్రం బాగా పరిచయమే... '99 డాలర్లకే ఇంట్లోని ఏసీ డక్టులన్నీ శుభ్రం!' చవకే కదా అని పిలిస్తే, వచ్చినవాళ్లు గొట్టంలోకి తొంగిచూసి 'అమ్మో, బూజు! పిల్లల ఆరోగ్యానికి ముప్పు' అంటారు. మందు కొట్టాలంటారు. చూస్తుండగానే బిల్లు వందలు దాటుతుంది.

మరి సరైన ధరెంత? అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెప్పేదాని ప్రకారం ఒక్కో హీటింగ్‌-కూలింగ్‌ వ్యవస్థకు సాధారణంగా 450 నుంచి 1000 డాలర్లు. పై అంతస్తుకు ఒకటి, కింద మరొకటి ఉంటే ఖర్చూ ఆమేరకు పెరుగుతుంది. పని సక్రమంగా జరగాలంటే గొట్టాలొక్కటే కాదు, ఫ్యాన్‌, కాయిల్స్‌తో సహా అన్నీ శుభ్రం చేయాలి మరి!

అసలు అవసరమా అన్నది మరో ప్రశ్న. డక్టులు శుభ్రం చేయిస్తే జబ్బులు రావని ఇంతవరకూ రుజువు కాలేదంటుంది ఈపీఏ. ఏటా చేయించాల్సిన పనీ లేదు. లోపల బూజు కంటికి కనిపిస్తున్నా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ము పేరుకుపోయి గదుల్లోకి వస్తున్నా అప్పుడు ఆలోచించొచ్చు. డక్టు లోపలి ఇన్సులేషన్‌ తడిసి బూజు పట్టిందా... శుభ్రం చేసి లాభంలేదు, దాన్ని మార్చాల్సిందే.

అందుకే ఎవరైనా 'బూజు' అనగానే కంగారుపడొద్దు. ముందు చూపించమనండి. అది బూజేనని పరీక్షలో తేలాకే, ఏమేం చేస్తారో, ఎంతవుతుందో కాగితమ్మీద రాయించుకోండి. ఆ తర్వాతే పర్సు తీయండి!