స్టీరింగు వదులైందా? టై రాడ్లు చూపించండి

మన మిల్లులు మూతపడినాక మన ఇళ్ళల్లో స్టీరింగు పట్టుకోనివాళ్ళు తక్కువ. బిన్నీపేట, శ్రీరాంపురం, మాగడి రోడ్డు పక్క సందులు, ఎక్కడ చూసినా ఇంటి ముందు పసుపు బోర్డు కారో, ఆటోనో నిలబడి ఉంటాది. తండ్రి మగ్గం నడిపినాడు, కొడుకు టాక్సీ నడుపుతున్నాడు. బండి మీద అప్పు, ఆ అప్పు మీద వడ్డీ, నెల నెలా కట్టాల్సిన కంతు. అందుకే ఈసారి బండి కింద దాగి ఉండే ఒక చిన్న సామాను గురించి రాస్తున్నా. దాని పేరు టై రాడ్డు.

స్టీరింగు చక్రం తిప్పితే ముందు టైర్లు ఎట్లా తిరుగుతాయో చాలామంది డ్రైవర్లకి కూడా తెలీదు. ఇప్పటి చిన్న కార్లలో స్టీరింగు రాడ్డు కింద ఒక పళ్ళ కడ్డీ ఉంటాది, దాన్ని రాక్ అంటారు. మనం చక్రం తిప్పితే ఆ కడ్డీ ఎడమకీ కుడికీ జరుగుతాది. కడ్డీ రెండు కొనల నుంచి రెండు చక్రాలకీ పోయే రాడ్లే టై రాడ్లు. ప్రతి రాడ్డుకీ రెండు కీళ్ళు. లోపల రాక్ దగ్గర ఒకటి, దాన్ని రాక్ ఎండ్ అంటారు. బయట చక్రం దగ్గర ఒకటి, అది టై రాడ్ ఎండ్. కీలు అంటే వేరే ఏమీ కాదు, గిన్నెలో ఇనుప గుండు. మన మోకాలి చిప్ప కాదు, తుంటి కీలు లాంటిది. ఎటు పడితే అటు తిరగాలి, కానీ లొడలొడ ఆడకూడదు.

లూమ్ షెడ్డులో పనిచేసినవాళ్ళకి ఒక్క మాటలో చెప్తా. క్రాంక్ షాఫ్టుకీ స్లేకీ మధ్య క్రాంక్ ఆర్మ్ ఉండేది కదా, దాని బుష్ అరిగితే ఏమయ్యేది? స్లే టకటకమని కొట్టుకునేది, గుడ్డ మీద పట్టీలు పడేవి, ఒక్కోసారి షటిలే ఎగిరి బయట పడేది. అరిగింది బొటనవేలంత బుష్, నష్టం మాత్రం థాను మొత్తానికి. కారులో టై రాడ్డు కథ కూడా అంతే. తేడా ఏమిటంటే ఇక్కడ లోపల మనిషి కూర్చుని ఉంటాడు.

గుండు చుట్టూ గ్రీజు ఉంటాది, దాన్ని కాపాడేది ఒక రబ్బరు బూటు. ఆ బూటు చిరిగిందా, గ్రీజు బయటికి, దుమ్ము, బురద నీళ్ళు లోపలికి. మన బెంగళూరు సంగతి చెప్పాలా? గుంత, హంపు, మళ్ళీ గుంత. కాంక్రీటు రోడ్డు అయిపోయి తారు రోడ్డు మొదలయ్యే చోట మెట్టు. వాన పడితే అండర్‌పాసుల్లో నీళ్ళు. ఇన్ని దెబ్బలు ముందుగా తినేది ఈ కీళ్ళే.

అరిగినట్టు ఎట్లా తెలుస్తాది అంటే, మొదట చెయ్యి చెప్తాది. స్టీరింగు కొంచెం తిప్పినా బండి తిరగదు, మధ్యలో ఖాళీ తగులుతాది. గుంతలో పడితే ముందు నుంచి టక్ టక్ శబ్దం. తిన్నగా పోతుంటే బండి ఒక పక్కకి లాగుతాది, సరిచేస్తూనే ఉండాల. టైరు ఒక అంచున మాత్రమే అరుగుతాది, చేత్తో రుద్దితే ఆకురాయి పళ్ళ మాదిరి గీరుకుంటాది.

మా అక్క కొడుకు ఎయిర్‌పోర్టుకి టాక్సీ తిప్పుతాడు. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోతే టైర్ల అంగడికి పోయినాడు. అంగడాయన కొత్త టైర్లు అమ్మినాడు, డబ్బు తీసుకున్నాడు, పంపించినాడు. కింద ఎవురూ వంగి చూడలేదు. ఆరు నెలలు కాకముందే కొత్త టైర్లు కూడా అదే మాదిరి. అప్పుడు వాడు మా ఇంటికొచ్చి, "మామా, నాసిరకం టైర్లు అంటగట్టినారు" అన్నాడు. "టైర్లు కాదురా, దాన్ని పట్టుకుని ఉండేదాన్ని చూడు" అన్నా. జాకీ ఎత్తి చూస్తే ఎడమ పక్క టై రాడ్ ఎండ్ చేతికి ఆడుతున్నాది. ఒక టైరు ఖరీదు కన్నా తక్కువ దానిది. దేవనహళ్ళి రోడ్డులో ఎనభై మీద పోయే బండి అది. ఆ గుండు గిన్నెలోంచి పూర్తిగా ఊడి వస్తే ఆ పక్క చక్రం స్టీరింగు మాట వినదు, తన ఇష్టమొచ్చినట్టు పోతాది. బ్రేకు ఉన్నా దారి మన చేతిలో ఉండదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు, ఇద్దరు ఉంటే చాలు. సమమైన నేల మీద నిలిపి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీతో ఎత్తండి. చక్రాన్ని గడియారం అనుకుంటే 9, 3 ఉండే చోట రెండు చేతులూ పెట్టి అటూ ఇటూ గట్టిగా ఊపండి. కదిలితే టై రాడ్డు మీద అనుమానం. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందా, అది కింది బాల్ జాయింటో, చక్రం బేరింగో. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు కీలు మీద వేలు పెడితే ఎక్కడ ఆడుతున్నాదో వేలికే తెలుస్తాది. ఈ రెండో మనిషి భార్య కావచ్చు, కూతురు కావచ్చు. బాబిన్లు మార్చిన చేతులు ఇది పట్టలేవా? ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు. సిమెంటు బోలు ఇటికలు పెట్టి దూరొద్దు, అవి పగులుతాయి.

మార్చే పని మెకానిక్‌కి ఇవ్వండి, కానీ పక్కన నిలబడండి. ముందు లాక్ నట్టు కొంచెం వదులు చేస్తాడు. తర్వాత స్ప్లిట్ పిన్ను తీసి, పై నట్టు విప్పుతాడు. కీలు కోసుగా బిగుసుకుని ఉంటాది, దానికి పుల్లర్ వాడాల. పుల్లర్ లేకపోతే అది కూర్చున్న చక్రం చెయ్యి మీద పక్కనుంచి సుత్తితో కొడితే వదులుతాది. బోల్టు మర మీద కొట్టేవాడి దగ్గర మళ్ళీ పని చేయించొద్దు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాల. ఒక చుట్టు తేడా వస్తే రాడ్డు పొడుగు మిల్లీమీటరు పైనే మారుతాది.

స్ప్లిట్ పిన్ను కొత్తదే వెయ్యాల, పాతది వంచి వంచి వేస్తే విరుగుతాది. నట్టు గాడీ, బోల్టు రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలే గానీ వెనక్కి వదులు చెయ్యకూడదు. కొన్ని బండ్లలో పిన్ను ఉండదు, నైలాన్ నట్టు ఉంటాది. అదీ కొత్తదే. ఒక పక్క పోయిందంటే రెండో పక్క కూడా అన్నే కిలోమీటర్లు తిరిగింది కదా, రెండూ కలిపి మార్చడమే మేలు. లోపలి రాక్ ఎండ్ మీద ముడతల రబ్బరు ఉంటాది. అది చిరిగి ఉంటే అప్పుడే మార్పించండి. దాంట్లోంచి నీళ్ళు రాక్‌లోకి పోతే ఆ ఖర్చు ముందు ఈ ఖర్చు ఏపాటిది?

సామాను జేసీ రోడ్డులో దొరుకుతాది. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా అంగళ్ళే. బండి మోడలు, సంవత్సరం, ఎడమా కుడా చెప్పి, బిల్లుతో కొనండి. చేతిలో పెట్టుకుని గుండు కడ్డీని కదిపి చూడండి. కొత్తది బిగువుగా తిరగాల. తన బరువుకే వాలిపోతే వెనక్కి ఇచ్చేయండి. శివాజీనగర్ గుజరీలో అద్దం కొనండి, తలుపు కొనండి, నేను వద్దనను. స్టీరింగు సామాను, బ్రేకు సామాను మాత్రం పాతవి వద్దు.

ఎఫ్‌సీ ఉంది కదా అని ధీమా పడేవాళ్ళూ ఉన్నారు. టాక్సీకి 8 ఏళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏడాదికొకసారి. రెండేళ్ళల్లో మన గుంతలు ఒక్క బూటునైనా చింపకుండా వదులుతాయా? నూనె మార్చే ప్రతిసారీ కింద టార్చి వేసి రబ్బరు చూడమనండి, రెండు నిమిషాల పని.

రాడ్డు మార్చినాక వీల్ అలైన్‌మెంటు అదే రోజు చేయించాల. చుట్లు ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా అది అందాజే, ముందు చక్రాలు రెండూ కొలతకి రావు. అది వదిలేస్తే కొత్త కీలుతోనే టైర్లు మళ్ళీ ఒక అంచున అరుగుతాయి. అలైన్‌మెంటు అయినాక తిన్నని రోడ్డు మీద పోతుంటే స్టీరింగు వంకరగా ఉండకూడదు, ఉంటే అప్పుడే వెనక్కి తీసుకుపోండి. ఒక వారం తిప్పినాక లాక్ నట్టు మీద ఇంకోసారి పానా పెట్టి చూడమని చెప్పండి.