ముప్పై దాటాక భుజాలెక్కితే

చీర్‌లీడర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఐపీఎల్. 2008లో మొదటి సీజన్‌కు బెంగళూరు జట్టు ఏకంగా వాషింగ్టన్ రెడ్‌స్కిన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నుంచే చీర్‌లీడర్లను రప్పించింది. సిక్సర్ పడితే రంగు కుచ్చులు ఊపుతూ గెంతే అమ్మాయిల దగ్గరే మన ఊహ ఆగిపోయింది. పోటీ చీర్‌లీడింగ్‌లో ఉత్సాహపరచడానికి వేరే జట్టంటూ ఉండదు, వాళ్లదే ఆట. సుమారు రెండున్నర నిమిషాల్లో పిల్లిమొగ్గలు, గెంతులు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే పిరమిడ్లు, మనిషిని గాల్లోకి విసిరి పట్టుకోవడం, అన్నీ సంగీతానికి తగ్గట్టు పూర్తి చేయాలి. ఎదురుగా న్యాయనిర్ణేతలు మార్కులేస్తుంటారు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఇంకో సంగతి, 1898 నవంబరు 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి చీర్‌లీడింగ్‌ను మొదలుపెట్టాడు. పాతికేళ్ల పాటు అది మగవాళ్ల వ్యవహారమే. ఆడవాళ్లు చేరింది 1923లో.

మన ఊరు నల్లమాడలో ఇది నేర్పే జిమ్ లేదు. కానీ దీని ముక్కలన్నీ ఈ చుట్టుపక్కలే దొరుకుతాయి. పక్కనున్న పుట్టపర్తిలో ఏటా జనవరి 11న సత్యసాయి విద్యాసంస్థల క్రీడా సాంస్కృతిక ఉత్సవం జరుగుతుంది. హిల్‌వ్యూ స్టేడియంలో విద్యార్థులు చేసే జిమ్నాస్టిక్స్ చూడ్డానికి జనం నిండిపోతారు. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం ఉంది. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది చెక్కభజన. సీమ పల్లెల్లో పగలు చేనిపని చేసుకున్న పెద్దవాళ్లు రాత్రిపూట గురువు ముందు నిలబడి చెక్కలు పట్టుకుని అడుగు నేర్చుకుంటారు. ఆటపాటలు చిన్నప్పుడే నేర్వాలన్న మాటను వాళ్లు ఎప్పుడో పక్కన పెట్టేశారు. చీర్‌లీడింగ్‌లో లెక్కంతా ఎనిమిదికి ఎనిమిది. ఆదితాళానికీ ఎనిమిది అక్షరాలే. పదిమంది అడుగు ఒక్కసారి పడటమన్న సగం విద్య ఇక్కడ ముందే ఉంది.

మిగతా సగం ఒంటిది. ముప్పై అయిదేళ్ల మనిషి, శెనిక్కాయ చేలో పనిచేసే ఆడమనిషో బడిలో పంతులో, ఇప్పుడు మొదలుపెడితే శరీరంలో ఏమవుతుంది?

మొదటి నెల బ్రహ్మాండంగా ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కొత్త కసరత్తు మొదలుపెట్టిన తొలి వారాల్లో బలం పెరిగేది ప్రధానంగా నాడుల వల్ల. మెదడు ఇంతకుముందు పిలవని కండర తంతువులను కూడా పనిలోకి పిలుస్తుంది. తర్వాత కండరమూ లావెక్కుతుంది, దానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ కథ వేరు. దానికి రక్తం తక్కువ, మరమ్మతు నెమ్మది. 2013లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు దీన్ని ఎంత తెలివిగా కొలిచారో చెప్పుకోవాలి. 1955–63 మధ్య జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారి పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. తిండి ద్వారా అది అప్పటి మనుషులందరి ఒంట్లోకీ చేరింది. ఒక కణజాలంలో కార్బన్-14 ఎంతుందో చూస్తే అది ఏ ఏడాది తయారైందో చెప్పవచ్చు. మడమ వెనక ఉండే ఎకిలిస్ టెండన్‌ను అలా పరీక్షిస్తే, దాని లోపలి భాగం దాదాపు 17 ఏళ్ల వయసుకల్లా తయారైపోయి, తర్వాత పెద్దగా మారలేదని తేలింది.

అంటే ముప్పై అయిదేళ్ల మనిషి గెంతేది పదిహేడేళ్లనాటి టెండన్ మీద. అది కసరత్తుకు కొంత గట్టిపడుతుంది, కానీ వారాల్లో కాదు, నెలల్లో. రెండో నెలలో తొడల్లో బలం వచ్చిందని వెనక్కి మొగ్గ వేయబోతే తెగేది ఆ మడమ దగ్గరే. పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు పిల్లల పాఠాన్నే నెమ్మదిగా నడిపిస్తే చాలదు, పాఠం వరసే మార్చాలి. గెంతులు చివర, పట్టు ముందు.

గాల్లో తిరగడం పెద్దవాళ్లకు ఎందుకు కష్టమో భౌతికశాస్త్రం ఇంకో కారణం చెబుతుంది. ఒళ్లంతా అదే పోలికలో ఎత్తు పది శాతం పెరిగితే, తిరగడానికి అడ్డుపడే జడత్వం 61 శాతం పెరుగుతుంది. అది పొడవుకు అయిదో ఘాతంలో పెరుగుతుంది మరి. తిప్పే బలం అంత పెరగదు. పన్నెండేళ్ల పిల్ల అవలీలగా వేసే మొగ్గను వాళ్లమ్మ వేయలేకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. దీనికి తోడు చెవిలోపలి అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం కదిలి కళ్లు తిరుగుతాయి. రోజూ కాసేపు అలవాటు చేస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది.

అందుకే పెద్దవాళ్లకు మొదటి చోటు అడుగున. చీర్‌లీడింగ్‌లో మోసేవాళ్లను బేస్ అంటారు, పైకెక్కే మనిషిని ఫ్లయర్, వెనక కాపుండే మనిషిని స్పాటర్. చేనిపని చేసినవాళ్లకు మోయడం కొత్తగా నేర్పాలా అనుకుంటాం. నేర్పాలి, అదీ పాతది మరిపించి. కలుపు తీసేటప్పుడు, శెనిక్కాయ కట్టె పీకేటప్పుడు నడుం దగ్గర వంగుతాం. 25 కిలోల బరువు వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. దాన్ని నిలిపే వెన్ను కండరం వెన్నుపూస నుంచి అయిదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కాబట్టి అది 200 కిలోల బలంతో లాగాలి. ఆ బరువును ఒంటికి ఆనించి మోకాళ్లు వంచి లేపితే ఈ లెక్క సగానికన్నా తగ్గిపోతుంది. మొదట నేర్పే భంగిమలో బేస్ మోకాళ్లు వంచి నిలబడితే ఫ్లయర్ వాళ్ల తొడల మీద నిలబడుతుంది. తర్వాత నడుము ఎత్తు, తర్వాత భుజాల ఎత్తు. చేతులు పూర్తిగా చాచి తల మీదికి ఎత్తడం చాలా తర్వాతి మాట.

పట్టుకోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే కనుక. 50 కిలోల ఫ్లయర్ రెండు మీటర్లు పడి చేతుల్లోకి వచ్చిందనుకుందాం. పట్టేవాళ్లు మోకాళ్లు, చేతులు వంచుతూ అర మీటరు దూరంలో ఆపితే సగటున 250 కిలోల బలం పడుతుంది. ముగ్గురుంటే తలా 83. బావిలో చేద తాడు కాస్త వదులుతూ పట్టుకుంటే చేయి కోసుకోదు చూడండి, అదే కిటుకు. ఎవరూ పట్టక పది సెంటీమీటర్లలోనే ఆగిపోతే? 1050 కిలోలు. కింద ఉన్నది వాన లేక ఎండిన ఎర్రనేల అయితే ఆ పది సెంటీమీటర్లు కూడా దొరకవు.

అమెరికా ఈ లెక్కను పిల్లల గాయాలతో నేర్చుకుంది. 1980ల నుంచి సాగిన లెక్కల్లో, హైస్కూలు అమ్మాయిలకు ఆటల్లో తగిలిన అతి తీవ్ర గాయాల్లో మూడింట రెండు వంతుల దాకా చీర్‌లీడింగ్‌వే. 2006–07 నుంచి బాస్కెట్‌బాల్ కోర్టుల గట్టినేల మీద చేతులు బుట్టలా అల్లి మనిషిని ఎగరేసే విన్యాసాన్ని హైస్కూళ్లలో నిషేధించారు. ఆ తర్వాత అలాంటి గాయాలు బాగా తగ్గాయి. మన దేశంలోనూ దహీహండి (ఉట్టి) పిరమిడ్ల ఎత్తును 20 అడుగులకు పరిమితం చేసిన బొంబాయి హైకోర్టు ఆదేశాన్ని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2017లో ఆ హద్దు తొలగిపోయింది. మన ఊళ్లో పిల్లలు శెనిక్కాయ కట్టె వామి మీద మొగ్గలేస్తారు గానీ, అది ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటుంది. చీలమండ మడతపడటానికి అంతకన్నా అనువైన చోటు లేదు. కబడ్డీ మ్యాట్ దొరికితే దాని మీద తొడల ఎత్తు దాకా వెళ్లొచ్చు. విసరడానికి అదీ చాలదు.

అనంతపురం పీఠభూమిలో ఇంకో చిక్కు ఉంది. ఏ విదేశీ శిక్షణ పుస్తకమూ దాని గురించి రాసి ఉండదు. బోరు ఎంత లోతుకు వెళితే నీటిలో ఫ్లోరైడ్ అంత పెరిగే ఊళ్లు ఇక్కడ చాలా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఏళ్ల తరబడి ఎక్కువ తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లను కూడా సున్నంలా గట్టిపరుస్తుంది. మెడ, వెన్ను వంగవు. 1990ల మధ్యలో సత్యసాయి నీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా పల్లెలకు నీళ్లివ్వడానికి ఈ బాధ ఒక ముఖ్య కారణం. చిన్నతనమంతా బోరునీళ్లు తాగి, పొద్దున్నే వెన్ను బిగుసుకుపోతున్న మనిషి మొగ్గల జోలికి వెళ్లే ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. ఇందులో మొహమాటానికి చోటు లేదు. ఆడవాళ్లయితే రక్తంలో హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. కాన్పులైనవాళ్లకు గెంతినప్పుడు మూత్రం జారడం మామూలే. కటి కండరాల కసరత్తుతో చాలామందికి తగ్గుతుంది. సిగ్గుపడి ఆట మానేయడమే ఎక్కువగా జరుగుతోంది.

వయసు గురించి ఇంకా సందేహపడేవాళ్లకు జపాన్ వైపు చూపిస్తాను. 1996లో ఫుమియే తకినో అనే ఆవిడ అరవై దాటాక ‘జపాన్ పాంపాం’ అనే చీర్ బృందాన్ని పెట్టింది. అందులో చేరాలంటే 55 దాటాలి. వాళ్లు ఎవరినీ గాల్లోకి విసరరు. నాట్యం, వరస, లయ చూపిస్తారు. చెక్కభజన గుంపుకు ఆ దారి కొత్తేమీ కాదు.

మిగిలింది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఇక్కడి ఏడాది శెనిక్కాయతో నడుస్తుంది కాబట్టి పంట ఇంటికొచ్చాక, జనవరిలో. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దుగుంకాకే సాధన. టెండన్ గట్టిపడటానికి ఆ అయిదు నెలలు పెద్ద సమయమేమీ కాదు. జూన్‌లో వానపడి గొర్రు కట్టేనాటికి తొడల మీద ముగ్గురు కదలకుండా ఎనిమిది లెక్కలు నిలబడగలిగితే చాలు. భుజాల ఎత్తు ఆ మరుసటి జనవరికి.