ఒక్క ఓటు.. మందు గొడవ: అక్కడ గవర్నర్ ఓడారు, ఇక్కడ మన ప్రకాశం పంతులు పదవి పోయింది!

'నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే' అనుకుంటున్నారా? అయితే ఈ రెండు ఎన్నికల లెక్కలు చూడండి. ఒకటి అమెరికాలో, ఇంకోటి మన కర్నూలులో. రెండు చోట్లా గొడవ మందు గురించే.

అమెరికాలో గవర్నర్ అంటే మన దగ్గర ముఖ్యమంత్రి లాంటి పోస్టు. జనమే ఓటేసి ఎన్నుకుంటారు. 1838లో మసాచుసెట్స్ రాష్ట్రం ఓ చట్టం తెచ్చింది. రమ్, బ్రాందీ లాంటివి 15 గ్యాలన్లకు, అంటే సుమారు 57 లీటర్లకు తక్కువ అమ్మకూడదు! పీపాలు కొనే స్తోమత ఉన్నోళ్లకు ఇబ్బంది లేదు. గ్లాసు లెక్కన తాగే కూలీకే బంద్. దానిపై సంతకం పెట్టిన గవర్నర్ ఎడ్వర్డ్ ఎవరెట్‌పై జనం మండిపడ్డారు.

1839 ఎన్నికల్లో ఆయనపై మార్కస్ మోర్టన్ పోటీకి దిగారు. అక్కడ అప్పట్లో ఏటా ఎన్నికలే. 1828 నుంచి ప్రతిసారీ నిలబడి ఓడిపోతున్న మనిషి ఈయన. ఓపిక అంటే అదీ! పోలైన ఓట్లు 1,02,066. మోర్టన్‌కు 51,034, ఎవరెట్‌కు 50,725.

తేడా 309 ఉంది కదా, మరి ఒక్క ఓటు ఎక్కడిది? అసలు మెలిక ఇక్కడే. మన ఎమ్మెల్యే ఎన్నికల్లో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే గెలిచినట్టు. అక్కడ మాత్రం మొత్తం ఓట్లలో సగం దాటాలి. సగం అంటే 51,033. మోర్టన్ దాటింది సరిగ్గా ఒక్క ఓటుతో. ఆయనకు వేసినోళ్లలో ఒక్కరు అటు వేసి ఉంటే, నిర్ణయం శాసనసభకు వెళ్లేది. అక్కడ బలం ఎవరెట్ పార్టీదే. మొత్తానికి మోర్టన్ గవర్నర్ అయ్యారు, ఆ మద్యం చట్టం 1840లో రద్దయింది.

ఇక మన కథ. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. అప్పటికి మన మార్కాపురం, గిద్దలూరు కూడా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. మద్య నిషేధంతో ఉపాధి పోయిందని కల్లుగీత కార్మికులు రోడ్డెక్కారు. గౌతు లచ్చన్న వాళ్ల తరఫున ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ కూడా సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

1954 నవంబర్‌లో అసెంబ్లీలో అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం పంతులు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.