మీరు గుర్రమా... గొర్రెనా?

పుట్టిన ఏడాదికో జంతువు. జంతువును బట్టి గుణం, గుణాన్ని బట్టి కొలువు. చైనా జ్యోతిషం చెప్పే ఈ లెక్కలు మన నిజామాబాద్ దాకా వస్తే ఎలా ఉంటుందో చూద్దామా!

కంఠేశ్వర్‌లో పంతులుగారి దగ్గరికి పిల్లాడి జాతకం కోసం వెళ్తే ఏమడుగుతారు? పుట్టిన తేదీ, సమయం, ఊరు. నక్షత్రం, పాదం చూసి, దశలు లెక్కగట్టి అప్పుడు చెబుతారు... వ్యాపారం కలిసొస్తుందనో, సర్కారు కొలువు రాసిపెట్టి ఉందనో. చైనాలో పూర్తి జాతకానికి వాళ్లూ నెల, రోజు, గడియ చూస్తారు. కానీ మామూలు జనం వాడుకలో ఉన్నది ఒక్కటే ప్రశ్న. 'మీది ఏ జంతువు?'

ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడిపుంజు, కుక్క, పంది. పన్నెండేళ్లకు పన్నెండు. మీదేదో తెలియడానికి పంచాంగం అక్కర్లేదు. పుట్టిన సంవత్సరాన్ని 12తో భాగించండి. శేషం సున్నా అయితే కోతి. 1 వస్తే కోడిపుంజు, 2 కుక్క, 3 పంది, 4 ఎలుక... అలా వరసగా వెళ్తే 11 దగ్గర గొర్రె. ఒక్క మెలిక ఉంది. వాళ్ల కొత్త సంవత్సరం మన ఉగాదిలాగే తేదీ మారుతుంటుంది. జనవరి మూడోవారం తర్వాతి నుంచి ఫిబ్రవరి మూడోవారం లోపు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి జనవరిలో పుట్టినవారిలో చాలామంది కిందటేడాది జంతువు కిందే లెక్క.

ఎద్దునెక్కిన ఎలుక

ఈ వరసకో కథ ఉంది. స్వర్గాన్నేలే జేడ్ చక్రవర్తి జంతువులకు పందెం పెట్టాడట. ఏరు దాటి ముందుగా ఎవరొస్తే వాళ్ల పేరు మొదటి ఏడాదికి. ఈత రాని ఎలుక ఎద్దు వీపునెక్కి కూర్చుంది. తీరా గట్టు చేరగానే ముందుకు దూకి మొదటి స్థానం కొట్టేసింది. పాపం, ఈదిందంతా ఎద్దు!

ఉద్యోగాల జోస్యమంతా దాదాపు ఈ కథలోంచే పుట్టినట్టుంటుంది. ఎలుక వాళ్లకు లెక్కలు, వ్యాపారం. ఎద్దు వాళ్లు మాట తక్కువ, ఓపిక ఎక్కువ. వ్యవసాయం, ఇంజినీరింగ్ వాళ్లవే. పులికి పెత్తనం కావాలి కనక పోలీసు, సైన్యం. గొడవ పడకుండా పని చక్కబెట్టే కుందేలుకు రాయబారం. పాముది లోతైన ఆలోచన, పరిశోధనకు పనికొస్తుంది. వేళకు లేచి కూసే కోడిపుంజును ఆడిటింగుకు మించిన చోటేముంది! గొర్రెది కళాహృదయం. పంది అంటే మన దగ్గర తిట్టు. అక్కడ సంపదకు, మంచి తిండికి గుర్తు. అందుకే వాళ్లకు హోటల్ వ్యాపారం బాగుంటుందంటారు. వియత్నాంలో కుందేలు స్థానంలో పిల్లి ఉంటుంది. 1987లో హనోయిలో పుట్టినాయన పిల్లి, బీజింగ్‌లో పుట్టినాయన కుందేలు. సరిహద్దు దాటితే గుణం మారుతుందా అని అడిగితే జవాబు చెప్పేవారుండరు.

గుర్రం సంగతి మాత్రం మన జిల్లావాళ్లు చెవినేసుకోవాలి. ఒకచోట నిలవదట, దేశాలు తిరిగే కొలువు కావాలట. ఆ లెక్కన ఆర్మూరు, బాల్కొండ, భీంగల్ వైపు సగం ఊళ్లు గుర్రాలే అయ్యుండాలి! దశాబ్దాలుగా దుబాయ్, మస్కట్ విమానం ఎక్కినవారిలో ఎద్దులూ ఉన్నారు, కుందేళ్లూ ఉన్నారు. వాళ్లను కదిలించింది ఎండిన బోరు, తీరని అప్పు.

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం పుట్టింది 1937లో. చైనా లెక్కలో అది ఎద్దు సంవత్సరం. చెరకు బళ్ల ఊరికి అంతకన్నా మంచి శకునం ఏముంటుంది! ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. శక్కర్‌నగర్ కార్మికుల్లో పన్నెండు జంతువులూ ఉండే ఉంటాయి. పని అందరికీ ఒక్కసారే పోయింది.

అగ్ని గుర్రం... పరాభవ నామం

పన్నెండు జంతువులకు కొయ్య, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే అయిదింటిని జత చేస్తే అరవై ఏళ్ల చక్రం. మన ప్రభవ, విభవల్లాగే. మనది మొన్న 1987లో మొదలైతే వాళ్లది 1984లో మొదలైంది. మూడేళ్లే తేడా.

ఈ చక్రంలో జపాన్‌ను భయపెట్టే ఏడాది ఒకటుంది. 'అగ్ని గుర్రం'. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మొండిదనీ, భర్తకు చేటు తెస్తుందనీ అక్కడి పాత నమ్మకం. 1965లో జపాన్‌లో సుమారు 18.2 లక్షల మంది పిల్లలు పుట్టారు. అగ్ని గుర్రం వచ్చిన 1966లో 13.6 లక్షలే. మరుసటి ఏడాది మళ్లీ 19 లక్షలు దాటింది. రైళ్లు గంటకు 200 కిలోమీటర్లు పరిగెడుతున్న దేశంలో!

ఆ 1966-67 మనకు పరాభవ నామ సంవత్సరం. పేరులోనే ఓటమి ఉంది. అయినా పేరుకు జడిసి పిల్లల్ని కనడం మానుకున్నామని ఎక్కడా వినం. అలాగని మనమేం తక్కువ తినలేదు. మూలా నక్షత్రం పిల్లంటే మామగారికి గండమనీ, కుజదోషమనీ వచ్చిన సంబంధాలు వెనక్కి పంపుతూనే ఉన్నాం. అరవై ఏళ్లు తిరిగి 2026లో ఈ రెండూ మళ్లీ కలిశాయి. ఫిబ్రవరి 17న అగ్ని గుర్రం, మార్చి 19న పరాభవ ఉగాది.

డ్రాగన్ పిల్లల రహస్యం

డ్రాగన్ మాటకొస్తే సీన్ రివర్స్. ఆ ఏడాది కొడుకో కూతురో పుట్టాలని చైనా దంపతులు ముచ్చటపడతారు. 1988, 2000, 2012, 2024 అలాంటివే. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు 2017లో ఓ అధ్యయనం వెలువరించారు. డ్రాగన్ పిల్లలకు నిజంగానే యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తున్నాయి. తెలివితేటల్లో మాత్రం తేడా లేదు. తేడా అమ్మానాన్నల దగ్గరుంది. 'మావాడు డ్రాగన్' అని ఆశలు ఎక్కువ పెట్టుకుంటున్నారు, ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు కేటాయిస్తున్నారు. ఆ ఆశల లెక్క తీసేసి చూస్తే బడిపిల్లల మార్కుల్లో తేడా మాయం! మరి అదే ఇంట్లో గొర్రె ఏడాది పుట్టిన చెల్లెలి మాటేమిటి?

ఇలాంటి నమ్మకం కొలువు దాకా వస్తే నవ్వులాట కాదు. చైనాలో పాశ్చాత్య రాశుల మోజు కూడా పెరిగింది. కన్యారాశి పేరును చైనా భాషలోకి తెచ్చినప్పుడు 'పెళ్లికాని పిల్ల' అనే అర్థం రావడంతో, ఆ రాశివాళ్లు అన్నిటికీ వంకలు పెడతారనే ముద్ర పడింది. వాళ్లకు ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడేవారూ ఉన్నారని 2020లో వెలువడిన ఓ పరిశోధన తేల్చింది. లక్షా 70 వేల మందికి పైగా వ్యక్తుల స్వభావం, 30 వేల మందికి పైగా ఉద్యోగుల పనితీరు పరిశీలిస్తే రాశికీ వాటికీ పొంతన కుదరలేదు.

ఇంతకీ పన్నెండే ఎందుకు? గురుగ్రహం సూర్యుణ్ని చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు. చైనావారు దానికి 'సంవత్సర నక్షత్రం' అని పేరు పెట్టుకున్నారు. మనం పుష్కరాలు చేసుకుంటున్నాం. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తిలో 1991లో, 2003లో, 2015లో జనం పుష్కర స్నానాలు చేశారు. మూడూ గొర్రె సంవత్సరాలే. మళ్లీ పుష్కరాలు వచ్చే 2027 కూడా గొర్రే. మనకు మాత్రం అది ప్లవంగ నామ సంవత్సరం. ప్లవంగమంటే కోతి!