అద్దం వెనక రెండో అద్దం

సూళ్లూరుపేటకు ఉత్తరాన నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలిచిన చెట్ల మీద చలికాలం గూడబాతులు గూళ్లు కడతాయి. ఆ పక్షి ముక్కే దాదాపు అడుగు పొడవు. 15 మీటర్ల దూరంలోని పక్షిని 500 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్/5.6 దగ్గర తీస్తే స్పష్టంగా పడే లోతు కూడా సుమారు అడుగే. పక్షి మనవైపు తిరిగినప్పుడు ఫోకస్ కాస్త ముందుకు జరిగితే చాలు, ముక్కు కొస పదునుగా వచ్చి కన్ను మసకబారుతుంది. కన్ను పోతే పక్షి ఫొటో పోయినట్టే.

చేయి వణకకపోయినా ప్రతి ఫొటోలోనూ తప్పు ఒకే వైపు వస్తోందంటే, కారణం చాలాసార్లు కెమెరా నిర్మాణంలోనే ఉంటుంది.

ఆటోఫోకస్‌తో కొనికా సి35 ఏఎఫ్ కెమెరా 1977లో అంగట్లోకి వచ్చింది. 1985 నాటి మినోల్టా 7000లో ఫోకస్ కొలిచే సెన్సారూ, లెన్సును తిప్పే మోటారూ కెమెరా ఒంట్లోకే చేరాయి. అక్కడి నుంచి డీఎస్‌ఎల్‌ఆర్‌ల దాకా ఏర్పాటు ఒకటే. పెద్ద అద్దం కొంత వెలుగును తనగుండా పోనిస్తుంది. దాని వెనక చిన్న అద్దం ఆ వెలుగును కెమెరా అడుక్కి మళ్లిస్తుంది. అక్కడి సెన్సార్, లెన్సు రెండు వైపుల నుంచి వచ్చిన రెండు బొమ్మలు ఎంత ఎడంగా ఉన్నాయో చూసి, లెన్సు ఎటు, ఎంత జరగాలో వెంటనే చెప్పేస్తుంది. ఎగిరే పక్షి చిక్కేది ఈ వేగం వల్లే. కానీ కొలిచేది ఒకచోట, బొమ్మ పడేది మరోచోట. ఆ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది. ఫిల్మ్ కాలపు చిన్న ప్రింట్లలో దాగిన ఈ లోపం, బొమ్మను తెర మీద పెద్దది చేసి చూడగానే బయటపడింది. 2007లో నికాన్ డీ3, డీ300, కెనాన్ 1డీ మార్క్ 3లతో సవరణ మన చేతికొచ్చింది: సున్నాకు అటు 20, ఇటు 20 మెట్లు.

దీన్ని మిద్దె మీదే చేసుకోవచ్చు, పొద్దున్నే చల్లటి పూట. పెద్ద అంకెల క్యాలెండర్ కాగితాన్ని గోడకు చదునుగా అంటించి, ట్రైపాడ్ మీద కెమెరాను సరిగ్గా దానికి ఎదురుగా నిలపాలి. దూరం ఫోకల్ లెంగ్త్‌కు కనీసం 25 రెట్లు ఉండాలి, అంటే 500 లెన్సుకు 12.5 మీటర్లు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ముందు లైవ్ వ్యూలో ఫోకస్ చేసి ఒక ఫొటో తీయండి. అప్పుడు కొలిచేది బొమ్మ పడే సెన్సారే కనుక అదే గీటురాయి. తర్వాత వ్యూఫైండర్‌లోంచి కొన్ని తీసి పోల్చండి, ప్రతిసారీ ముందుగా ఫోకస్ చెడగొట్టి. పక్కన ఏటవాలుగా స్కేలు పెడితే ఫోకస్ ముందుకు పడుతోందో వెనక్కో తెలుస్తుంది. స్కేలు మీదే మాత్రం ఫోకస్ చేయకండి: ఫోకస్ సెన్సార్ చూసే మేర వ్యూఫైండర్‌లోని చదరం కంటే పెద్దది. ముందుకు పడితే ప్లస్ వైపు, వెనక్కి పడితే మైనస్ వైపు జరపాలి.

2010లో ఫ్యూజీఫిల్మ్ ఫోకస్ కొలిచే పిక్సెళ్లను బొమ్మ సెన్సార్‌ మీదికే తెచ్చింది. నేటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ రెండు దారుల గొడవే లేదు. అయితే శ్రీహరికోట రోడ్డు మీద నుంచి మిట్టమధ్యాహ్నం తీసిన ఫ్లెమింగోలు ఏ కెమెరాలోనైనా అలల్లా కరిగిపోతాయి. అది పులికాట్ సరస్సు మీద వేడెక్కిన గాలి పని, దానికి ఏ మెట్టూ లేదు.