వారం తిరిగేసరికి మర్సిపోయే ప్రేమ

టైం మిషన్, రోబో, అంతరిక్షం... ఇవన్నీ రాయడం ఒక ఎత్తు. ఆ కథలోనే ఇద్దరి మధ్య ప్రేమ పుట్టిందంటే చూసేవాళ్లు నమ్మేట్టు రాయడం ఇంకో ఎత్తు. సినిమా అయితే రెండున్నర గంటల్లో ఎట్లోకట్ల గట్టెక్కుతాది. ఎపిసోడ్లుగా వచ్చే సైన్స్ ఫిక్షన్‌లోనే తంటా. ప్రేమ నిలబడాలంటే నిన్న జరిగింది ఈరోజు గుర్తుండాల గదా, ఎపిసోడేమో అయిపోతానే అంతా తుడిచేస్తాది.

అమెరికా సిరీస్ 'స్టార్ ట్రెక్' చూడండి. 1967 ఏప్రిల్ 6న వచ్చిన ఎపిసోడ్‌లో కెప్టెన్ కిర్క్ 1930ల నాటి న్యూయార్క్‌కి పోయి, ఈడిత్ కీలర్ అనే ఆమెను ప్రేమిస్తాడు. ఆమె బతికితే చరిత్రే మారిపోతాది. అందుకే బండి కింద పడబోయే ఆమెను కాపాడేకి ఉరికిన డాక్టర్ని కిర్కే పట్టుకొని ఆపేస్తాడు. చూస్తే గుండె పిండేస్తాది. సరిగ్గా వారానికి ఇంకో ఎపిసోడ్. ఆమె పేరే ఎత్తరు! రాసినోళ్లకి చేతకాక కాదులే. మళ్లా ప్రసారం చేసేటప్పుడు ముందూ వెనకా చూడకుండా ఏదైనా వేసుకునేట్టు, ఆనాడు ఏ ఎపిసోడ్‌కా ఎపిసోడ్ ముగిసిపోవాల. అది టీవీ వ్యాపారం లెక్క.

'ఎక్స్ ఫైల్స్' వాళ్లు ఇంకో దారి పట్టినారు. 1993లో మొదలైతే, మల్డర్, స్కల్లీ ముద్దు పెట్టుకునేది 1999లో, ఏడో సీజన్‌లో. ఆలోపల ఆమెకి క్యాన్సర్ వస్తాది, ఆయప్ప అల్లాడిపోతాడు. ఆ భయం ఒక్క ఎపిసోడ్‌తో పోదు. అందుకే నమ్ముతాం.

మన హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ హీరోగా 1991లో వచ్చిన 'ఆదిత్య 369' తెలుసు గదా. హీరో, హీరోయిన్ ఇద్దరూ ఒకే మిషన్‌లో రాయల కాలానికి, ఆడ్నుంచి 2504కి పోతారు. ఇద్దరికీ ఒకటే అనుభవం. హీరో ఒక్కడే పోయొచ్చింటే ఆ పిల్లకి ఏం చెప్పి నమ్మించేవాడు? సింగీతం శ్రీనివాసరావుకి ఆ చిక్కే రాలేదు.

2021లో ఆహాలో వచ్చిన 'కుడి ఎడమైతే'లో ఒకే రోజు మళ్లీ మళ్లీ వస్తాది. అది ఒక పోలీసామెకీ, ఒక డెలివరీ కుర్రోడికీ మాత్రమే తెలుసు. వాళ్లు ప్రేమికులు కాదు గానీ, ఒకరినొకరు నమ్మేది ఆ గుర్తుతోనే.

మీలో సెల్‌ఫోన్‌తో సిరీస్ తీయాలనుకునేటోళ్లు శానామందే ఉంటారు. తనకల్లు బస్టాండులో రోజూ అదే పొద్దు పుడతాందనుకోండి. పిల్లోడికి అంతా గుర్తుంటాది, పిల్లకి ఏమీ ఉండదు. నలభయ్యో రోజుకి ఆమెకి ఏం ఇష్టమో, దేనికి ఏడుస్తాదో వాడికి తెలుసు. ఆమెకి మాత్రం వాడు అప్పుడే చూసిన కొత్త మనిషి. దాన్ని ప్రేమంటే ఎట్ల? నాకైతే అది కాపు కాసి పట్టుకున్నట్టే ఉంటాది. అదే ఆమె అరచేతిలో పెన్నుతో రాసుకున్న నంబరు పొద్దున్నకి చెరగకుండా ఉందనుకో, ఇది ఎవరిదబ్బా అని ఆమే వెతుక్కుంటా వస్తాది. రెండో ఎపిసోడ్ ఆడ్నుంచి మొదలుపెట్టొచ్చు.