చెవిలో వద్దు.. హెల్మెట్‌లో పెట్టండి!

కార్క్ హార్బర్ ఒడ్డునున్న మా రింగాస్కిడీ నుంచి ఫ్రాన్స్‌లోని రాస్కాఫ్‌కు ఓడలు వెళ్తాయి. వేసవి వచ్చిందంటే రేవు దగ్గర కార్ల పక్కనే బైకులూ బారులు తీరతాయి. ఆ వరుసలో చేరాలనుకునే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న.. ‘వెనక కూర్చున్నవాళ్లతో మాట్లాడేదెలా?’ అని.

మన ఊళ్లలో సెల్‌ఫోన్‌ను చెంపకూ హెల్మెట్‌కూ మధ్య ఇరికించి మాట్లాడుతూ పోయేవాళ్లను రోజూ చూశాం. ఇప్పుడు ఇయర్‌బడ్స్ వచ్చాయి. కానీ ఫ్రాన్స్‌లో బండి నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడాన్ని 2015 జులై 1 నుంచి నిషేధించారు. పట్టుబడితే 135 యూరోల జరిమానా. హెల్మెట్‌లో అమర్చిన స్పీకర్లకు మాత్రం అనుమతి ఉంది. అందుకే ఓడ ఎక్కేముందే ఇద్దరి హెల్మెట్లకూ బ్లూటూత్ హెడ్‌సెట్లు బిగించుకోవడం మంచిది. రెండూ ఒకే కంపెనీవైతే జత కలపడం తేలిక.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందుగా హెల్మెట్ లోపలి భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత చెంపల దగ్గరి మెత్తలను ఊడదీయండి. చాలా హెల్మెట్లలో అవి ప్రెస్ బటన్లతోనే ఉంటాయి. హెడ్‌సెట్ యూనిట్‌ను ఎడమవైపే బిగించాలి. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కదా! క్లిప్ పట్టేంత సందు లేకపోతే, అంటించే ప్లేటు వాడుకోవచ్చు.

అసలు ఓపిక కావాల్సింది స్పీకర్ల దగ్గరే. చెవి ఎదురుగా ఉన్న గుంటలో ముందు తేలిగ్గా అంటించి, హెల్మెట్ పెట్టుకుని, పాట వింటూ సరిచూసుకోవాలి. అర అంగుళం పక్కకు జరిగినా శబ్దం బాగా తగ్గిపోతుంది. అలాగని చెవికి ఒత్తుకోకూడదు. గంట ప్రయాణానికే నొప్పి పుడుతుంది. మైకు నోటికి ఎదురుగా ఉండాలి. ముఖమంతా కప్పే హెల్మెట్‌కు గడ్డం దగ్గర అంటించే చిన్న మైకు, ముందుభాగం పైకి లేచే హెల్మెట్‌కు కాడ ఉన్న మైకు నప్పుతాయి. తీగలను మెత్తల కింద సర్దేయండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. స్పీకర్ పట్టడం లేదని లోపలి థర్మోకోల్‌ను కత్తితో చెక్కకండి. పడినప్పుడు తాను నలిగి, దెబ్బ తలకు చేరకుండా ఆపేది అదే. కొత్త హెల్మెట్ కొనేవారు గడ్డం పట్టీ లేబుల్‌పై నంబరు 06తో మొదలైందో లేదో చూడండి. అది ఈసీఈ 22.06 ప్రమాణానికి గుర్తు. చాలా కంపెనీలు ఇప్పుడు స్పీకర్లకు చోటు వదిలే హెల్మెట్లు తయారుచేస్తున్నాయి.

ఐర్లండ్‌లో బైక్ నేర్చుకున్నవారికి హెల్మెట్‌లో మాట కొత్త కాదు. 2010 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన 16 గంటల ఐబీటీ శిక్షణలో, రోడ్డు మీద శిక్షకుడి సూచనలు రేడియోలోనే వినిపిస్తాయి. ఫ్రాన్స్‌లో ఆ పని వెనక కూర్చున్నవారిది. ఇండియాలోనూ, ఐర్లండ్‌లోనూ మనం నడిపేది ఎడమవైపు. రాస్కాఫ్‌లో ఓడ దిగగానే కుడివైపు నడపాలి. అలవాటు పొరపాటున ఎడమకు లాగేది మలుపుల దగ్గరే. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. రౌండ్‌అబౌట్ కనిపించగానే పాటలు, కబుర్లు బంద్. వెనక నుంచి ఒక్క మాటకే అనుమతి.. ‘కుడిపక్క!’